చల్లారని డబ్బా

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. టైమ్ మాస్టారు చెయ్యి తిప్పి తన గడియారం చూసుకున్నాడు. నాలుగూ ముప్ఫై ఏడు.

"మీ గడియారం మూడు నిమిషాలు ముందుందమ్మా."

"కావాలనే పెట్టుకున్నానండీ" అంది టైలరమ్మ. "ఏడింటికి సూది వేసుకోవాలి. ఒక్క నిమిషం అటూ ఇటూ కాకూడదట."

ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, మధ్యలో బల్ల. బల్ల మీద సగం కుట్టిన జాకెట్టు ఒకటి సూది కిందే ఉండిపోయింది. దారపు రీళ్ళ డబ్బాకి ఆనించి ఫోను నిలబెట్టి ఉంది. పన్నెండు రోజులుగా ఆ ఫోనులోంచే డాక్టరమ్మ వస్తోంది, నర్సు వస్తోంది. సూది ఎక్కడ పొడుచుకోవాలో చూపిస్తున్నారు, పొడుచుకున్నాక పడేసే డబ్బా కూడా తెరమీద చూపించమంటున్నారు.

టైమ్ మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళు ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో పనిచేసిన మనిషి. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరి కార్డు ఎవరు గుద్దారు, ఎవరు వచ్చినట్టు రాయించుకుని ఇంట్లో పడుకున్నారు, ఇవన్నీ కాగితం మీది నిమిషాలు చూసి చెప్పేవాడు. రిటైరయ్యాక ఆ చూపు ఖాళీగా ఉండలేకపోయింది. తప్పిపోయిన మనుషుల గురించి, మాట తప్పిన మనుషుల గురించి జనం ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటాడు. ఇప్పుడూ పెట్టుకున్నాడు.

"మొదటినుంచీ చెప్పమ్మా. నిన్న ఫోనులో సగం ఏడుపే వినబడింది."

"నాకు నలభై ఒకటి. పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది, రెండు బస్సులు మారాలి. రోజూ పోయి వస్తే మిషను ఎవరు తొక్కుతారు? అందుకని ఇంటినుంచే చూపించుకుంటున్నాం. మందులు ఐసు డబ్బాలో వస్తాయి. వీధి చివర స్కానింగు తీయించుకుంటే ఆ బొమ్మలు వాళ్ళకి వెళ్తాయి. ఆయన శాంపిల్ కూడా రెండు నెలల క్రితం ఇక్కడే ఇచ్చారు. వ్యానతను వచ్చి డబ్బాలో పెట్టుకుని పోయాడు. అది వాళ్ళు గడ్డకట్టించి దాచారు."

"ఈ రోజు సూది?"

"ఆఖరిది. ఏడింటికి పడితే సరిగ్గా ముప్ఫై ఆరు గంటలకి, అంటే ఎల్లుండి పొద్దున్న ఏడింటికి, ఆసుపత్రిలో నా అండాలు తీస్తారు. ఆ దాచిన శాంపిల్‌తో కలుపుతారు." ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంది. "ఈ సూది వేసుకుంటే ఇక ఆగేది లేదు. వేసుకోకపోతే ఈ పన్నెండు రోజులూ పెరిగినవన్నీ పోతాయి. నా వయసుకి మళ్ళీ ఇన్ని రావని డాక్టరమ్మ చెప్పేసింది. ఇదీ సంగతి. నిన్న పొద్దున్న ఎనిమిదింటికి ఆయన బయటికి వెళ్ళారు. ఇప్పటిదాకా రాలేదు. ఫోను కట్టేసి ఉంది."

"గొడవేమన్నా పడ్డారా?"

"లేదు. మూడు రోజుల నుంచి మాత్రం అదో రకంగా ఉన్నారు."

"మూడు రోజుల క్రితం ఏం జరిగింది?"

ఆమె ఆలోచించింది. "వీడియోలో డాక్టరమ్మ మాట్లాడింది. అండాలు తీసే రోజు మీవారు రాకపోయినా పర్వాలేదమ్మా, ఆయన శాంపిల్ చాలా తాజాగా చేరింది, పద్నాలుగు నిమిషాల్లో వచ్చేసింది, అందుకే బాగా నిలవ ఉంది అంది. ఆయన పక్కనే ఉన్నారు. 'ఎన్ని నిమిషాలన్నారు?' అని రెండుసార్లు అడిగారు. అంతే. రాత్రి భోజనం చెయ్యలేదు."

టైమ్ మాస్టారు చిన్న పుస్తకం తీసి 14 అని రాసి కింద గీత గీశాడు.

"మాస్టారూ, ఆయన ఎక్కడున్నారో తర్వాత వెతకండి. ఎందుకు వెళ్ళారో ఏడు లోపల చెప్పండి. వదిలేసి పోయిన మనిషి బిడ్డ కోసం నేను ఈ సూది పొడుచుకోవాలా? అది తేలితే చాలు నాకు." గొంతు తగ్గించింది. "మా అత్తయ్యకి మాత్రం ఇవన్నీ తెలియవు. షుగరు సూదులని చెప్పాం. మీరు కూడా అలాగే అనండి."

వంటింట్లోంచి అత్తగారు టీ గ్లాసులు పట్టుకొచ్చింది. గ్లాసు అందుకుని టైమ్ మాస్టారు మర్యాదగా అడిగాడు.

"కోడలికి షుగరు ఎక్కువేనా అక్కయ్యగారూ?"

"చాలా ఎక్కువ బాబూ. టీలో మూడు చెంచాలు వేసుకుంటుంది." అత్తగారు కోడలి వైపు చూడకుండా మిషను పక్కన కూర్చుంది. "షుగరుకి ఏ డాక్టరైనా ఫోనులోంచి 'శభాష్, పదకొండున్నాయి, మంచి సైజులో ఉన్నాయి' అంటుందా? నాకు చెవుడు లేదు. చెప్తే నేనెక్కడ ఊరంతా దండోరా వేస్తానో అని దాచారు. సరేలే, దాచుకోనీ అని నేనూ ఊరుకున్నాను."

టైలరమ్మ మొహం ఎర్రబడింది. "అత్తయ్యా..."

"ఊరుకో అమ్మాయ్. నిన్నేం అనడం లేదు. పన్నెండు రోజుల నుంచి నీ గ్లాసు కింద పెట్టకుండా చేతికిస్తున్నానా లేదా? వంగొద్దని కదూ?"

టైమ్ మాస్టారు గడియారం చూశాడు. అయిదు కావడానికి నాలుగు నిమిషాలు.

"అక్కయ్యగారూ, శాంపిల్ తీసుకెళ్ళిన రోజు మీరు ఇంట్లో ఉన్నారా?"

"ఉన్నాను. ఎనిమిదీ అయిదు. రేడియోలో వార్తలు అప్పుడే అయ్యాయి. ఆ వ్యానతను తలుపు దగ్గరే నిలబడి తీసుకున్నాడు. మంచి మాటకారి. 'అమ్మా, ఏడాది తిరిగేలోగా మనవడు' అన్నాడు. షుగరు డబ్బాల వాడికి మనవడి సంగతెందుకని అప్పుడే అనుమానం వచ్చింది నాకు."

"రిపోర్టు వచ్చిన రోజు?"

అత్తగారు నవ్వు ఆపేసింది. "అన్నీ బాగున్నాయని వచ్చింది. మావాడు దేవుడి ముందు కూర్చుని గంటసేపు ఏడ్చాడు. వెక్కి వెక్కి. మంచి రిపోర్టు వస్తే అంత ఏడుపెందుకు బాబూ? పోనీ సంతోషమే అనుకుందాం. మొన్న చేసిందేమిటి మరి? వ్యానతను పట్టుకెళ్ళిన లాంటిదే, వాళ్ళిచ్చిన రెండో డబ్బా ఒకటి వాడకుండా పడుంది. దాంట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, జ్వరం చూసే కడ్డీ పెట్టుకుని, గడియారం ముందు కూర్చున్నాడు. మూడుసార్లు. ఏంట్రా అంటే లిఫ్టు పని అన్నాడు. లిఫ్టుకి నీళ్ళెందుకు? నిన్నటినుంచి ఆ డబ్బా కూడా కనబడ్డం లేదు."

టైమ్ మాస్టారు టీ తాగకుండానే లేచాడు.

"మీవారి పనిముట్ల సంచి ఎక్కడుందమ్మా?"

"అదే చిత్రం. లిఫ్టు మెకానిక్ అయ్యుండి నిన్న సంచి లేకుండా వెళ్ళారు."

*

సంచి పడకగది అటక మీద ఉంది. టైలరమ్మ ఎక్కబోతే అత్తగారు గట్టిగా గదిమింది. టైమ్ మాస్టారే స్టూలెక్కి దించాడు.

గ్రీజు గుడ్డ, స్పానర్లు, తాడు ముక్క, ఫ్యూజులు పెట్టుకునే రేకు డబ్బా. పనిముట్లన్నీ వరసగా ఉన్నాయి. ఒక స్క్రూడ్రైవరు పెట్టే చోటు మాత్రం ఖాళీ. రేకు డబ్బాలో ఫ్యూజుల కింద రెండు కాగితాలు నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి.

మొదటిది వేరే లాబ్‌ది, పదకొండు నెలల నాటిది. టైమ్ మాస్టారు చదివి, దాన్ని ఆమె వైపు జాపాడు.

"ఇది మీకు తెలుసా అమ్మా?"

ఆమె తీసుకుని చదివింది. వీర్యకణాలు కనిపించలేదు అని ఒకే ఒక్క వాక్యం. కింద సంతకం.

"నాకు చెప్పలేదు" అంది. కాగితం మీది తేదీ మీద వేలు పెట్టింది. "పదకొండు నెలలు... చెప్పలేదు."

రెండోది ఆసుపత్రి రిపోర్టు, రెండు నెలల నాటిది. అందులో అన్నీ పుష్కలంగా ఉన్నాయి. కింద మూడు చిన్న వరసలు. తీసుకున్న సమయం 8.41. చేరిన సమయం 8.55. చేరినప్పటి వేడి 36.1. 8.41 చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. వెనక మెకానిక్ చేతిరాత.

ఇచ్చింది 8.05.
ఇంటినుంచి అక్కడికి 50 ని.
నీళ్ళు 37. యాభై ని. తర్వాత 27.
మళ్ళీ 26. మళ్ళీ 27.

టైమ్ మాస్టారు మంచం అంచున కూర్చున్నాడు. ఆయనకి ఆ మనిషి కళ్ళకు కట్టాడు. ముందు ఏమీ లేదని వచ్చింది. సిగ్గుపడి దాచుకున్నాడు. తర్వాత అన్నీ ఉన్నాయని వచ్చింది. మొక్కిన దేవుడు విన్నాడనుకుని ఏడ్చాడు. రెండు నెలలు ఆ సంతోషంలో బతికాడు. చివరికి ఒక డాక్టరమ్మ నవ్వుతూ పద్నాలుగు నిమిషాలు అనగానే, రోజూ కొలతలతో బతికే చెయ్యి ఊరుకోలేకపోయింది.

'దేవుడిచ్చాడనుకున్న దాన్లో ఇంకొకడి చెయ్యి ఉంటే, ఈ మనిషి పెట్టిన దణ్ణం ఎక్కడికి చేరినట్టు?' టైమ్ మాస్టారు మనసులో ఆ ప్రశ్న అడిగాడు. అడిగినందుకు దేవుడు కోప్పడడనిపించింది.

"చెప్పండి" అంది టైలరమ్మ. "నిమిషాల భాష నాకు రాదు."

"మీవారు ఇచ్చింది ఎనిమిదీ అయిదుకి. లాబ్‌కి చేరింది ఎనిమిదీ యాభై అయిదుకి. ఎనిమిదీ నలభై ఒకటి అన్నది వ్యానతను రాయించిన టైము. యాభై నిమిషాలు. అంతసేపట్లో ఈ డబ్బాలో ఏది పెట్టినా ఇరవై ఏడుకి చల్లారిపోతుంది. కానీ చేరిన శాంపిల్ ఒంటి వేడితో ఉంది. అంటే అది మీ ఇంట్లోంచి వెళ్ళింది కాదు. లాబ్ గుమ్మం దగ్గర, అప్పుడే..."

ఆమె చెయ్యెత్తి ఆపింది. లేచి ముందు గదిలోకి వెళ్ళి మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. సూది కింద జాకెట్టు లేదు. ఎప్పుడో పక్కకి జారిపోయింది. ఖాళీ మిషను టకటకా కొట్టుకుంటోంది.

అప్పుడు తలుపు బెల్లు మోగింది. అయిదూ ముప్ఫై మూడు.

*

"ఓహో, హాజరు పట్టీ ఇక్కడే ఉందే!" ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచే అన్నాడు. టోపీ తీసి మిషను మీద పెట్టాడు. "ఏం మాస్టారూ, ఈ ఇంట్లో ఎవరు లేటు? ఎవరికి సగం రోజు కోత?"

"మీకేనండీ. మనిషి తప్పిపోయాడని ఈ అమ్మ నిన్న సాయంత్రం ఆరింటికి చెప్పింది. మీరు వచ్చేసరికి ఇరవై మూడున్నర గంటలయింది."

ఇద్దరికీ పాత లెక్కలున్నాయి. రెండేళ్ళ కిందట ఇన్‌స్పెక్టర్ మూసేసిన ఒక కేసుని టైమ్ మాస్టారు ఒక బస్సు టిక్కెట్టుతో మళ్ళీ తెరిపించాడు. పై అధికారి అందరి ముందూ ఇన్‌స్పెక్టర్‌కి చివాట్లు పెట్టాడు.

"తప్పిపోయాడా? పారిపోయాడండీ." ఇన్‌స్పెక్టర్ టైలరమ్మ వైపు తిరిగాడు. "నిన్న పదకొండూ నలభైకి మీ ఆయన ఆసుపత్రి లాబ్‌లో దూరాడు. లిఫ్టు చూడ్డానికొచ్చానని చెప్పాడు. శాంపిళ్ళు దాచే గది తాళం విరగ్గొట్టాడు. మీరు స్టేషనుకొచ్చి వాంగ్మూలం ఇవ్వాలి. ఇప్పుడే."

"ఏం ఎత్తుకెళ్ళాడు?" అడిగాడు టైమ్ మాస్టారు.

"ఏం లేదు. సమయానికి ఆపారు."

"ఎవరు?"

"డబ్బాలు తెచ్చే వ్యానతను. పాపం ఆయనే నచ్చజెప్పి, కిందికి తీసుకొచ్చి, పన్నెండూ పదికి తన వ్యానులో ఎక్కించుకుని బస్టాండు దగ్గర దింపాడు."

"తాళం విరగ్గొట్టడం చూసిందెవరు?"

"ఆయనే."

"బస్టాండులో దిగడం చూసింది?"

"ఆయనే."

"బావుంది. తాళం విరగ్గొట్టిన దొంగని పట్టించకుండా బస్టాండు దాకా సాగనంపాడు. అంత మర్యాద పెళ్ళివారికి కూడా చెయ్యరు. దొంగతనానికి బయల్దేరిన మెకానిక్ సంచి నిండా పనిముట్లు ఇంట్లో వదిలి ఒక్క స్క్రూడ్రైవరుతో వెళ్ళాడా? అది డబ్బా విప్పి చూపించడానికి తీసుకెళ్ళింది ఇన్‌స్పెక్టర్ గారూ. ఆ డబ్బా కూడా ఇంట్లో లేదు. ఆయన వెళ్ళింది దొంగిలించడానికి కాదు, అడగడానికి."

"మాస్టారూ!" ఇన్‌స్పెక్టర్ గొంతు పెరిగింది. "ఆ వ్యానతన్ని నేనెరుగుదును. మంచివాడు. ఎన్నో ఇళ్ళల్లో దీపం పెట్టిన మనిషి. కార్డులు లెక్కపెట్టుకునే మీరు ఆయన గురించి మాట్లాడకండి."

"మీరెలా ఎరుగుదురు?"

ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పేలోగా ఆయన ఫోను మోగింది. చూసుకుని రెండడుగులు పక్కకి వేశాడు. అప్పటిదాకా గది అదరగొట్టిన గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఆఁ... వేసుకున్నావా? ... పాలు తాగు. ... లేదు, అరవడం లేదు, ఇది ఆఫీసు గొంతు. ... వస్తాలే." ఫోను జేబులో పెట్టుకుంటూ, ఎవరూ అడక్కుండానే అన్నాడు. "అయిదో నెల."

అత్తగారు మొదటిసారిగా ఆయనకి కుర్చీ జరిపింది. "కూర్చో నాయనా. మొదటిదా?"

"పదేళ్ళకి."

ఆయన బల్ల మీద ఉన్న చిన్న ఐసు డబ్బా వైపు చూశాడు. "ఎన్నింటికి సూది?" అని టైలరమ్మనే అడిగాడు.

"ఏడింటికి."

"ఏడు దాటకూడదు. నాకు తెలుసు." కాసేపు మీసం సవరించుకున్నాడు. "సరే. ఏడూ అయిదుదాకా ఇక్కడే కూర్చుంటాను. ఆ తర్వాత స్టేషన్. హాజరు పట్టీ, మీరు నన్నేం అడక్కండి."

*

ఆరూ నలభై ఒకటికి ఫోను తెర వెలిగింది. రోజూ ఫోనులో వచ్చే నర్సు. తెల్ల గోడ, నీలం కోటు, అలవాటైన నవ్వు.

"రెడీయా అక్కా? చేతులు కడుక్కున్నారా? మందు డబ్బా బయట పెట్టి ఇరవై నిమిషాలయిందా?" అని మొదలుపెట్టి, పక్కన కొత్త మొహం చూసి ఆగింది. "ఈయనెవరు?"

"నా తరఫు మనిషి" అంది టైలరమ్మ. "ఆయన అడిగింది చెప్పు చెల్లీ. చెప్పకపోతే ఈ సూది నేను వేసుకోను."

ఇన్‌స్పెక్టర్‌కి మళ్ళీ ఇంటినుంచి ఫోను వచ్చింది. మాట్లాడుతూ బయట మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"నాకు పేర్లు వద్దమ్మా" అన్నాడు టైమ్ మాస్టారు. "జబ్బులు వద్దు, ఇళ్ళు వద్దు. ఆ వ్యానతను తెచ్చిన శాంపిళ్ళు చేరేసరికి ఎన్ని నిమిషాలయ్యాయి, ఎంత వేడితో ఉన్నాయి. శాంపిల్ నంబరు, ఈ రెండు అంకెలు. అంతే."

"అలా చెప్పకూడదండీ. నా ఉద్యోగం పోతుంది."

"ఒక్క నిమిషం మీరే చూడండి. నాకు చెప్పొద్దు. చూసి, మీకేం అనిపించిందో మీరే ఆలోచించుకోండి."

తెరమీద నర్సు కళ్ళు పక్కకి తిరిగాయి. మీటలు నొక్కిన చప్పుడు. కాసేపటికి ఆ నవ్వు ఎక్కడికో పోయింది.

"అన్నీ... ఒకలాగే ఉన్నాయండీ."

"మిగతా వ్యాన్లవి?"

"ముప్ఫై ఒకటి, యాభై రెండు, నలభై నాలుగు. వేడి కూడా ఇరవై ఎనిమిది, ముప్ఫై అలా ఉంది. కొన్ని చల్లబడ్డాయని వెనక్కి పంపాం కూడా. ఈయనవి మాత్రం ఎప్పుడూ వెనక్కి పోలేదు. అందరికంటే మంచి డ్రైవరని మెచ్చుకున్నాం కదా ఆయన్ని..." ఆమె తెర దగ్గరికి జరిగింది. "రాసుకోండి."

తొమ్మిది నంబర్లు. పద్నాలుగు నిమిషాలు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, పద్నాలుగు. ముప్ఫై ఆరు, ముప్ఫై ఆరు పాయింటు ఒకటి, రెండు. ఊరికి నాలుగు మూలలా ఉన్న ఇళ్ళు. పక్క వీధి అయినా పద్నాలుగే, ఆ చివర అయినా పద్నాలుగే. టైమ్ మాస్టారికి ఫ్యాక్టరీ గేటు గుర్తొచ్చింది. తొమ్మిదిమంది కార్డులు ఒకే నిమిషంలో పడితే వచ్చింది తొమ్మిదిమంది కాదు. ఒక్కడే.

"డాక్టరమ్మని పిలు చెల్లీ" అంది టైలరమ్మ.

డాక్టరమ్మ ఆరూ యాభై రెండుకి వచ్చింది. తల సరిగ్గా దువ్వుకోలేదు. నర్సు చెప్పింది వింది. తిన్నగా మాట్లాడింది.

"అమ్మా, ఆ శాంపిల్ నేను ముట్టుకోను. సీలు వేసి పెడతాను. మా వల్ల జరిగింది, మేమే తేల్చాలి. కానీ మీ అండాలు ఆగవు. ఇప్పుడు సూది వేసుకుంటే ఎల్లుండి తీసి వాటిని ఒక్కటే దాచగలను. దేంతోనూ కలపను. మీరు చెప్పిందాకా."

"దాచితే ఎన్నాళ్ళుంటాయి?"

"ఏళ్ళుంటాయి. మీరు వద్దన్నా సరే, ఎవరూ మిమ్మల్ని తప్పనరు."

టైలరమ్మ మొదటి రిపోర్టు తీసి చూసింది. ఆ ఒక్క వాక్యమే. దాన్ని మడతల మీదే మడిచి జాకెట్టు కత్తిరింపుల కింద పెట్టింది.

"చెప్తే నేనేమైనా అనేదాన్నా అత్తయ్యా?"

"అనేదానివి" అంది అత్తగారు. "రెండు రోజులు అని, మూడో రోజు అన్నం పెట్టేదానివి. వాడికి ఆ రెండు రోజులు భయం."

టైలరమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వినట్టే నవ్వింది. సూది చేతిలోకి తీసుకుంది. "వదిలేసి పోలేదు ఆయన. నేనడిగింది అదొక్కటే. ఇవి నావి. వీటి మీద ఎవరి చెయ్యీ పడలేదు. వేసుకుంటాను చెల్లీ. మాస్టారూ, మీ గడియారం సరైనది కదా? మీరు బయట నిలబడి టైము చెప్పండి."

*

టైమ్ మాస్టారు మెట్ల దగ్గరికి వచ్చాడు. ఆరూ యాభై ఎనిమిది. ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని ఉన్నాడు.

"ఏం రాశారు అంతసేపు? మళ్ళీ బస్సు టిక్కెట్లా?" పుస్తకం లాక్కున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, అవి ఆ వ్యానతను తెచ్చిన శాంపిళ్ళు. అందులో ఏదీ ఆ ఇళ్ళది కాదని నా అనుమానం. ఇక్కడి మెకానిక్ అది కనిపెట్టి అడగబోయాడు. అందుకే..."

ఇన్‌స్పెక్టర్ వినడం లేదు. ఆయన వేలు అయిదో వరస మీద ఆగింది. 4417.

"ఇది మళ్ళీ చదవండి" అన్నాడు.

"నాలుగు నాలుగు ఒకటి ఏడు. పద్నాలుగు నిమిషాలు. ముప్ఫై ఆరు పాయింటు ఒకటి."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పర్సు తీశాడు. అందులోంచి ఒక చిన్న నల్లటి స్కానింగు బొమ్మ. అందులో బూడిదరంగు మచ్చ, అంతలోనే ఒక తల, ఒక ముక్కు. అంచున అచ్చువేసిన నాలుగు అంకెలు. టైమ్ మాస్టారు వాటిని చదవలేదు, అవసరం లేకపోయింది. ఆ బొమ్మ పట్టుకున్న చెయ్యి చూశాడు, చాలు.

"మా ఇంటినుంచి నలభై నిమిషాలు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేనే తీసుకెళ్తానంటే, మీకెందుకు సార్, నేనున్నాగా అన్నాడు. నెల తప్పాక ఇంటికి పిలిచి భోజనం పెట్టాం మాస్టారూ. మా ఆవిడ కొసరి కొసరి వడ్డించింది."

రెండేళ్ళ పోట్లాటలో టైమ్ మాస్టారు ఆ మనిషి భుజం మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు. ఇప్పుడు వేశాడు. వేసి, రెండో చెయ్యి తిప్పి గడియారం చూశాడు.

"ఏడు" అన్నాడు గట్టిగా.

లోపల నర్సు గొంతు వినిపించింది. "ఇప్పుడు అక్కా. నెమ్మదిగా. పది లెక్కపెట్టండి." టైలరమ్మ లెక్కపెట్టింది. అత్తగారు కూడా పైకే లెక్కపెట్టింది. పది అయ్యాక ఇద్దరూ ఊపిరి వదిలారు.

ఇన్‌స్పెక్టర్ పర్సు మూశాడు. నడుముకున్న పిస్తోలు మీదికి వెళ్ళిన చేతిని చూసి టైమ్ మాస్టారు ఆయనకీ మెట్లకీ మధ్య నిలబడ్డాడు.

"ఆ మెకానిక్ ప్రాణంతో ఉంటే వాడి దగ్గరే ఉంటాడు. మీరిప్పుడు ఇలా వెళ్తే ఇద్దరూ పోతారు. బిడ్డ మొహం చూడాల్సిన మనిషి మీరు."

"ఎవరి బిడ్డ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

లోపల ఫోను మోగింది. నర్సుది కాదు, ఆ తెర ఇంకా వెలుగుతూనే ఉంది. మోగుతున్నది అత్తగారి పాత ఫోను. ఆవిడ చూసి, "మావాడే! మావాడి నంబరే!" అని కోడలికిచ్చింది. టైలరమ్మ స్పీకరు నొక్కింది. ఇద్దరు మగవాళ్ళూ గుమ్మంలోకి వచ్చేశారు.

"ఏమండీ? ఎక్కడున్నారు? ఏమండీ?"

అవతల ఎవరో ఊపిరి తీసుకున్నారు. వెనక ఎక్కడో వ్యాను ఇంజను గురగురమంటోంది. తర్వాత ఒక గొంతు. మెత్తటి గొంతు, మంచి మాటకారి గొంతు. అది మెకానిక్‌ది కాదు. అత్తగారు గుర్తుపట్టింది. ఇన్‌స్పెక్టర్ అంతకుముందే గుర్తుపట్టాడు. అది ఆయన ఇంట్లో పీట వేసుకుని కూర్చుని భోంచేసిన గొంతు.

"మీ ఆయన నా దగ్గర క్షేమంగానే ఉన్నాడమ్మా. కంగారు పడకండి, మీరు కంగారు పడకూడదు." కొంచెం ఆగింది. "ఏడయింది కదా. మన సూది వేసుకున్నారా?"